నీటి రాకెట్‌కు చవక సామాను

నీటి రాకెట్ అంటే సీసాలో కొన్ని నీళ్లు పోసి, పంపుతో గాలి కొట్టి, ఆ ఒత్తిడితో పైకి ఎగరేసేది. దీనికి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసానే వాడండి. మంచినీళ్ల సీసా పలచన, ఒత్తిడికి పగులుతుంది. తుక్కు కొట్లో కొంటే గీతలు, సొట్టలు లేనిది ఏరుకోండి.

రెక్కలకు ఫ్లెక్సీ బోర్డుల వాళ్ల దగ్గర మిగిలే ప్లాస్టిక్ షీటు ముక్కలు చాలు. హైదరాబాద్ బేగంబజార్‌లో డబుల్ టేపు, రాకెట్ ముక్కులో బరువుకు ఆటమట్టి కొనండి. ముక్కు తేలికైతే రాకెట్ గాల్లో పల్టీ కొడుతుంది. వేడి గ్లూ వద్దే వద్దు, సీసా మెత్తబడుతుంది.

పంక్చర్ షాపులో పాత బైక్ ట్యూబు వాల్వు అడగండి. ల్యాబ్ సామాన్ల కొట్లో సీసా మూతికి బిగుతుగా పట్టే రబ్బరు బిరడా తెచ్చి, వాల్వు కాడకన్నా కాస్త సన్నగా బెజ్జం వేసి దూర్చండి. బెజ్జం వదులైతే గాలి బుసబుసా పోతుంది.

సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బిరడా బిగించి, మీటరున్న పంపుతో, పొడవాటి గొట్టం పెట్టి దూరం నుంచే గాలి కొట్టండి. మీటరులో ఒత్తిడి 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటనివ్వకండి.