తొలకరికి ముందే పాత జీపు: దేనికి ఖర్చు పెట్టాలి, దేన్ని ఆపాలి

రోహిణి కార్తె ఎండలో జీపు కింద దూరి పడుకోవడం ఎవరికీ సరదా కాదు. కానీ పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి) కొన్నవాళ్లు ఆ పని చేయాల్సింది అప్పుడే. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక మంచి మెకానిక్ చేతికి దొరకడు. ఈలోగా మారేడుమిల్లి పోదామనో, వికారాబాద్ అనంతగిరి కొండల్లో బురద తొక్కిద్దామనో స్నేహితులు గోల మొదలుపెడతారు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా మహీంద్రా ఎంఎం 540, మేజర్ లాంటి పాత జీపుల గురించి. మారుతి జిప్సీ ఉన్నవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. బళ్లు గట్టివే, సందేహం లేదు. చిక్కంతా మధ్యలో నలుగురైదుగురు చేతులు మారడంతోనే. ఒకరు వైరింగ్ కెలికి ఉంటారు, ఇంకొకరు ఖర్చు మిగులుతుందని ముందు చక్రాలకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పీకేసి ఉంటారు. కొన్న వారంలోనే పెద్ద టైర్లు, ఎల్‌ఈడీ బార్, కొత్త పెయింట్ అని పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. బండి ఆగాలి, తిప్పిన వైపు తిరగాలి, ఆ తర్వాతే మిగతావన్నీ. పక్కన పెట్టుకున్న డబ్బులో సగం ముట్టుకోకుండా ఉంచండి. బ్రేక్ డ్రమ్ములు విప్పాక ఆ సగానికి దారి దానంతట అదే కనిపిస్తుంది.

ముందు బండి కడిగించొద్దు. కడిగితే ఎక్కడ ఆయిల్ కారుతోందో తెలిపే మరకలన్నీ పోతాయి. రాత్రి కింద అట్టముక్కలు పరిచి పొద్దున్నే చూడండి: ఇంజిన్ కిందా, గేర్‌బాక్స్ కిందా, రెండు హౌసింగుల (ముందూ వెనకా యాక్సిళ్లను మూసి ఉంచే ఇనుప గొట్టాలు) కిందా, నాలుగు చక్రాల లోపలి వైపూ. ఫోటోలు తీసుకున్నాక వాటర్ సర్వీస్ చేయించి, చిన్న సుత్తితో చాసిస్ పొడుగునా తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట శబ్దం చచ్చిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో తిరిగిన బండైతే కమాన్ పట్టీలను చాసిస్‌కు తగిలించే షాకిల్ బ్రాకెట్ల దగ్గర, ఫ్లోర్ మ్యాట్ల కింద మరీ జాగ్రత్తగా చూడాలి. బ్రాకెట్ దగ్గర చాసిస్ పుచ్చిపోయి ఉంటే ఈ వానాకాలం ఆశ వదిలేసి ముందు ఆ పని చేయించండి.

బ్రేకుల దగ్గర లోభం వద్దు. ఈ తరం జీపుల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. బాగా పాత వాటిలో బ్రేక్ లైను కూడా ఒకటే కాబట్టి ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగూ పోతాయి. బండి నిలబెట్టి పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టండి. పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగినట్టు. రెండు మూడుసార్లు పంపు చేస్తేగానీ పెడల్ గట్టిపడకపోతే లైన్లో గాలి ఉండొచ్చు, షూ అడ్జస్ట్‌మెంట్ వదులై ఉండొచ్చు. ఆ తర్వాత డ్రమ్ములు విప్పించి, వీల్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు తొడుగును స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే ఆ సిలిండర్ పని అయిపోయినట్టే. వెనక డ్రమ్ములో నల్లగా, చిక్కగా, ఘాటు వాసనతో ఉన్నది బ్రేక్ ఆయిల్ కాదు, యాక్సిల్ సీల్ దాటి వచ్చిన హౌసింగ్ ఆయిల్. అది తాగిన షూలను ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ బిగిస్తామంటే ఒప్పుకోవద్దు.

సిలిండర్లు ఒకటొకటిగా కాకుండా అన్నీ ఒకేసారి మార్పించండి. పాత రబ్బరు హోసులు బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బిపోతాయి. అప్పుడు కాలు తీసినా ఆ చక్రం పట్టుకునే ఉంటుంది. వాటినీ మార్పించి, కొత్త బ్రేక్ ఆయిల్ పోయించండి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్‌లో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై, పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. పాడేరు ఘాట్ దిగేటప్పుడు తెలుసుకోవాల్సిన సంగతి కాదది.

స్టీరింగ్‌కి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కింద ఒక్కో జాయింట్ మీద చేయి పెట్టి చూడాలి. ఎక్కడ ఒకవైపు కదిలి రెండోవైపు కదలడం లేదో అక్కడే ప్లే (వదులు) ఉంది. తర్వాత ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఇంకొకర్ని బ్రేక్ తొక్కమనండి. ఆట ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్‌పిన్, అంటే చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన పిన్. యాభై అరవై వేగంలో గుంట తగలగానే స్టీరింగ్ చేతుల్లో గిలగిల్లాడిపోయే జబ్బుకు ఎక్కువసార్లు మూలం ఇక్కడే ఉంటుంది. కొత్త డాంపర్ (స్టీరింగ్ వణుకును అణిచే భాగం) వేయించుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. డాంపర్ వేస్తే వణుకు కనిపించదు, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది.

ఇక ఫోర్ బై ఫోర్ నిజంగా ఉందా? లీవర్ ఉంది కదా అనుకోవద్దు. లోపల సామాను తీసేసిన ముందు యాక్సిల్‌తో అమ్మిన బళ్లు మన దగ్గర తక్కువేం కాదు. చదునైన నేల మీద వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, బండిని గేర్లో ఉంచి, లీవర్‌ను టూ వీల్‌లోనే పెట్టండి. ముందు ఒక్క చక్రాన్ని మాత్రమే పైకి లేపండి. హబ్ లాకులు (ముందు చక్రాన్ని యాక్సిల్‌తో కలిపే, విడదీసే మీటలు) ఉంటే రెండు వైపులా లాక్ చేసి, లేపిన చక్రాన్ని చేత్తో తిప్పండి. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా తిరిగితే ముందు యాక్సిల్లో పళ్లచక్రాలు ఉన్నట్టే. తర్వాత లీవర్ ఫోర్ వీల్‌లోకి వేస్తే చక్రం బిగుసుకుపోవాలి. అప్పుడే డబ్బులకు న్యాయం. పొడి తారురోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పొద్దు. ముందు, వెనక షాఫ్టుల మధ్య సర్దుబాటు లేక ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) మీదా, షాఫ్టుల జాయింట్ క్రాసుల మీదా బరువు పడుతుంది.

ఇంజిన్ గురించి పెద్దగా చెప్పను. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతూ, వేడెక్కాక నీలిపొగ లేకుండా, ఆయిల్ మూత తీస్తే గుప్పుమని ఆవిరి కొట్టకుండా ఉంటే దాన్ని విప్పొద్దు. "ఎలాగూ విప్పాం కదా అన్నా, బోర్ కూడా చేసేద్దాం" అన్న మాటకు తల ఊపారంటే వానాకాలం షెడ్డులోనే గడిచిపోతుంది. రేడియేటర్, హోసులు, ఫ్యాన్ బెల్ట్ చూసుకోండి. వేడెక్కుతోందని ఎవరైనా థర్మోస్టాట్ (నీళ్ల వేడిని అదుపు చేసే వాల్వు) పీకేసి ఉంటే మళ్లీ పెట్టించండి. వైపర్లు, హెడ్‌లైట్లు, బ్యాటరీ ఎర్త్ వైరు ఒక్క పూట పని.

టైర్లు నల్లగా, గళ్లు లోతుగా ఉన్నాయని మురిసిపోవద్దు. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని. పదేళ్లు దాటిన టైరుకు గళ్లెంత ఉన్నా పని లేదు, రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది. మార్చేటప్పుడు మొదటి ఏడాది కంపెనీ సైజే వేయండి. పెద్ద టైరు వేస్తే బ్రేకుల మీద, కింగ్‌పిన్ల మీద, యాక్సిల్ షాఫ్టుల మీద అదనపు బరువే. లో గేర్లో లాగే బలమూ తగ్గుతుంది.

నన్నడిగితే మొదటి అప్‌గ్రేడ్ కొన్ని మీటర్ల రబ్బరు గొట్టం. హౌసింగుల మీద బ్రీదర్ అని చిన్న మూత ఉంటుంది. ఏళ్ల తరబడి మట్టి పట్టి అది మూసుకుపోతుంది. బాగా తిరిగి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి వాగు నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. బ్రీదర్ శుభ్రం చేయించి, గొట్టం తగిలించి ఇంజిన్ గది పైభాగం దాకా తీసుకెళ్లి కట్టేస్తే చాలు. అయినా వాగు దాటి వచ్చిన రాత్రి బండిని కదలకుండా ఉంచి, పొద్దున్నే హౌసింగ్ డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేయండి. నీళ్లు అడుగున చేరతాయి కాబట్టి ముందు అవే వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మొత్తం తీసేసి కొత్తది పోయాల్సిందే.

రెండోది, ముందూ వెనకా చాసిస్‌కే బోల్టులతో బిగించిన టో హుక్కులు. బంపర్‌కి వెల్డింగ్ చేసిన కొక్కెం బురదలోంచి లాగేటప్పుడు ఊడి తూటాలా వస్తుంది. లాగుతున్నప్పుడు చుట్టూ జనాన్ని నిలబడనివ్వకండి. విన్చి (తాడుతో లాగే యంత్రం), లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచేది), బుల్‌బార్ (బంపర్ ముందు ఇనుప కంచె) వచ్చే ఏడాదికి వదిలేయండి. బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి మూల స్వరూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితాలతో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకుంటే ఆర్‌టీఓ ఆఫీసులో టెన్షన్ ఉండదు. వేరే రాష్ట్రం బండైతే ఎన్ఓసీ లేకుండా అసలు చేయి కలపొద్దు.

ఇన్ని చేయించినా చప్టా మీద వాగు పొంగుతుంటే ఆగాల్సిందే. జీపు ఎత్తుగా ఉంది కదా అని దిగొద్దు. మోకాలి పైకి వచ్చిన ప్రవాహం జీపు లాంటి బండినైనా పక్కకు నెట్టేయగలదు. నిదానంగా పారే చిన్న వాగైనా, ముందు ఒకరు కర్రతో నడిచి చూశాకే బండి దించండి. మనిషి నిలదొక్కుకోలేని చోట బండి దించొద్దు. దాటాక నాలుగడుగులు మెల్లగా పోతూ ఎడమకాలితో బ్రేక్ కొద్దిగా తొక్కి డ్రమ్ములు ఆరనివ్వాలి. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు. ఎయిర్ ఫిల్టర్ దారిన సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటే, నీళ్లు అణగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగించి ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. లోపల తడి కనిపిస్తే ఇంజెక్టర్లు విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాకే తాళంచెవి ముట్టుకోవాలి.