సమురాయ్ వంశాలు, 4వ పాఠం: ముద్ర చూసి ఇంటిపేరు పట్టుకోవడం

గత పాఠం గెంపేయి యుద్ధంతో (1180–1185) ఆగింది. అప్పట్లో పని తేలిక. తెల్లజెండా అయితే మినమోతో, ఎర్రజెండా అయితే తైరా. సెంగోకు కాలానికి, అంటే 15, 16 శతాబ్దాల అంతర్యుద్ధాల రోజులకి వచ్చేసరికి ఒకే మైదానంలో పదుల వంశాలు దిగుతాయి, రంగులు చాలవు. కమోన్, అంటే వంశముద్ర, చదవడం రావాలి. ఒక స్కేలు, కంపాసు, తెల్లకాగితాలు దగ్గర పెట్టుకోండి. చేత్తో గీస్తేనే ఈ తేడాలు కంటికి ఆనుతాయి.

ముద్ర కనబడగానే పేరు చెప్పేయకండి. ముందు చుట్టూ వలయం ఉందో లేదో చూడండి. తర్వాత లోపల ఉన్నది ఆకా, పువ్వా, పక్షా, ఉత్త గీతలా అన్నది. ఆపైన లెక్కపెట్టండి. చివరగా మధ్యలో ఖాళీ ఎంతుందో, కొనలు ఎటు తిరిగాయో గమనించండి. తప్పు పేరు చెప్పేవాళ్ళు చాలావరకు రెండో మెట్టు దగ్గరే ఆగిపోయినవాళ్ళు.

గీతల ముద్రలతో మొదలుపెడదాం. మూడు చుక్కలు, ఒక అడ్డగీత గీయండి. గీత చుక్కల పైన ఉంటే మోరి వంశం, కింద ఉంటే వతనబే. వలయంలో రెండు అడ్డగీతలుంటే అషికాగా, ఒకే లావుపాటి గీత ఉంటే నిత్తా. వలయంలో శిలువలా కనిపించేది సత్సుమా ప్రాంతపు షిమాజులది. దీన్ని క్రైస్తవ గుర్తుగా పొరబడేవాళ్ళు చాలామంది. క్రైస్తవ మతప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో కగోషిమాలో దిగడానికి ఎంతో ముందునుంచే వాళ్ళు ఆ గుర్తు వాడుతున్నారు.

తకేదా ముద్రకి స్కేలు తీయండి. పేకముక్క మీది డైమన్ గుర్తుని అడ్డంగా పడుకోబెట్టినట్టు, అడ్డం 10 సెం.మీ., నిలువు 6 సెం.మీ. ఉండేలా గీయండి. ఎదురెదురు భుజాల మధ్యబిందువులను కలిపితే నాలుగు చిన్న డైమన్లు వస్తాయి. వాటి మధ్య 1 మి.మీ. సందు మాత్రమే వదిలితే తకేదా ముద్ర. 4 మి.మీ. వదిలారా, అది యోత్సువరి-బిషి అనే వేరే ముద్ర అయిపోతుంది. ఆకారం అదే, తేడా సందులోనే.

ఇక మొక్కలు. సెంగోకు తర్వాత జపాన్‌ని ఏలిన తొకుగవా వంశపు ముద్రలో మూడు ఆకుల కొనలూ వలయం మధ్యకే తిరిగి ఉంటాయి, బయటికి గీస్తే తప్పు. ఆ ఆకులు ఫుతబా-అఓయి మొక్కవి. అసలు మొక్కకి ఉండేవి రెండాకులే, మూడోది ముద్రలోనే పుట్టింది. టీవీ ధారావాహిక ‘మితో కోమోన్’లో మారువేషంలో తిరిగే తొకుగవా ఇంటి ముసలాయన అనుచరుడు చిన్న మందుల డబ్బీ ఎత్తి చూపగానే అందరూ నేలకి వంగిపోయేది ఈ ముద్ర చూసే.

కిరి చెట్టు ముద్రలో పూలు లెక్కపెట్టాలి. మధ్య కాడకి 7, పక్క కాడలకి అయిదేసి ఉంటే 16వ శతాబ్దం చివర జపాన్‌ని ఏకం చేసిన తొయోతోమి హిదెయోషి వాడిన రకం. మధ్యన 5, పక్కన మూడేసి ఉంటే మామూలు రకం. అయితే కిరి ముద్ర ఒక్కటే చూసి హిదెయోషి అని తేల్చకండి. దాన్ని ఆయన తన మనుషులకి ధారాళంగా పంచిపెట్టాడు. ఇవాళ జపాన్ ప్రభుత్వం వాడుతున్నదీ 5-7 కిరినే.

జెండా మీద ఉన్నదల్లా వంశముద్ర కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సెంగోకు సేనాని ఓదా నొబునగా వంశముద్ర ‘మొక్కో’ అనే అయిదు రేకుల పువ్వులాంటి గుర్తు, కానీ ఆయన పసుపు జెండాల మీద ‘ఎయిరాకు’ అనే పాత చైనా నాణేలుంటాయి. నాణేలు కనబడగానే సనదా వంశం అనేయకుండా లెక్కపెట్టండి. సనదా వాళ్ళవి ఆరు, మూడేసి చొప్పున రెండు వరసలు. చనిపోయినవాళ్ళు సన్జు నది దాటడానికి చెల్లించే రేవు సుంకం అది. హిదెయోషి అధికారి ఇషిదా మిత్సునారి జెండా మీదైతే బొమ్మే ఉండదు, అన్నీ అక్షరాలే.

ముద్ర వంశాన్ని చెబుతుంది, పక్షాన్ని కాదు. 1600లో తొకుగవాల తూర్పు పక్షానికీ మిత్సునారి పడమటి పక్షానికీ జరిగిన సెకిగహరా యుద్ధం నాటికి సనదా తండ్రి మసయుకి, చిన్నకొడుకు నొబుషిగె పడమటి పక్షం. పెద్దకొడుకు నొబుయుకి తూర్పు పక్షం. రెండువైపులా అవే ఆరు నాణేలు. అదే సంవత్సరం ఉత్తరాన తలపడిన ఉఎసుగి, దాతె వంశాల ముద్రలు రెండూ వెదురూ పిచ్చుకలే. దాతె ఇంటికి ఆ ముద్ర ఉఎసుగి ఇంటినుంచే వచ్చింది. అందుకే యుద్ధచిత్రం చూస్తున్నప్పుడు సైన్యం ఎటువైపు నిలబడిందో పక్కన విడిగా రాసుకోవాలి. ‘టోటల్ వార్: షోగన్ 2’ లాంటి ఆటల్లో వంశానికొక రంగు ఇస్తారు. అది ఆటగాడి సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు, దాన్నిబట్టి పాత చిత్రాలు చదవబోతే దారి తప్పుతారు.

అభ్యాసం: మూడు త్రిభుజాల హోజో ముద్రని రెండుసార్లు గీయండి. ఒకసారి సమబాహు త్రిభుజాలతో, అది కమకురా హోజోలది. ఇంకోసారి ఎత్తు తగ్గించి చదునుగా, అది ఒదవారా హోజోలది. రెండో ఇంటివాళ్ళు మొదటివాళ్ళ వారసులు కారు, ఇసె వంశంవాళ్ళు. మరి ఆ పేరూ ముద్రా ఎందుకు తీసుకున్నట్టు? జవాబు ఒక పేరాలో రాసి ఉంచుకోండి, 5వ పాఠం అక్కడే మొదలవుతుంది.