విరహానికి వెన్నెల ఒక్కటే దిక్కా?

కాలేజీలో తెలుగు చెబుతాను కాబట్టి పిల్లలు ప్రేమ కవితలు రాసుకొచ్చి చేతిలో పెడుతుంటారు. దాదాపు అన్నింట్లోనూ వెన్నెల కాలుస్తుంది, కోయిల ఏడిపిస్తుంది. అది ఏ ఊరి వెన్నెలో మాత్రం తెలియదు. అందుకే ముందు చోటు తేల్చుకోండి అంటాను. అక్కడ ఏం పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, ఎప్పుడు కోస్తారు? ఇవి తెలియకుండా కలం పట్టొద్దు.

హాలుడు కూర్చిన ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతి మొదటి శతకంలో ఒక గాథ ఉంది. వరి చేలు తెల్లబడుతుంటే ఒకమ్మాయి తల వంచుకుని ఏడుస్తోంది. పంట చేతికొస్తుంటే ఏడుపేమిటి? కోత పడితే చాటు పోతుంది మరి, ఆమె, ప్రియుడు కలుసుకునేది ఆ చేలోనే! ఎందుకే ఏడుస్తావు, జనుము తోట హరిదళమనే పసుపు రంగు ముఖానికి పూసుకున్న నటిలా తయారైందిగా అంటుంది చెలికత్తె. అంటే జనుము ఏపుగా ఎదిగి పసుప్పచ్చగా విరగబూసిందన్నమాట. ఇక కొత్త చాటు దొరికినట్టే. ప్రేమ, కోరిక అన్న మాటలు అందులో ఎక్కడా లేవు. మా తెనాలి వైపు పూతకొచ్చిన జనుము చేను చూసినవాళ్లకి ఆ నటి ముఖం ఇట్టే కళ్లకు కడుతుంది.

తర్వాత గడువు పెట్టండి. కాళిదాసు మేఘదూతంలో శాపంతో భార్యకు దూరమైన యక్షుడికి మబ్బు కనిపించేది ఆషాఢంలో. శాపం తీరేది విష్ణువు శేషశయ్య మీంచి లేచినప్పుడు, అంటే ఇంకా నాలుగు నెలలకి. వానాకాలమంతా అతనికి ఎదురుచూపే. మీరైతే మామిడి పిందె పడేలోపు అనండి, కాలవ కట్టేసేలోపు అనండి.

ఒకమ్మాయి 'నువ్వు లేని నా మనసు ఎండిన చెరువు' అని రాసింది. ఏ చెరువమ్మా అని అడిగాను. మర్నాడు మార్చి తెచ్చింది: 'నీళ్లు దిగిపోయాయి. నువ్వు కాలు జారిన మెట్టు బయటపడింది.' ఆ జారిన కాలుతో మనిషి కూడా వచ్చేశాడు.

మోహం రాసేటప్పుడు విశేషణాలు తగ్గించి క్రియలు పెంచండి. పరిమళభరితమైన మల్లెలు అక్కర్లేదు. కట్టిన మల్లెలు తడిగుడ్డలోనే విచ్చుకున్నాయంటే చాలు. చివర్లో 'నా మనసులాగే' అని తగిలించి ఉంటే మాత్రం కొట్టేయండి. దీనికి పిల్లలు ఒక పట్టాన ఒప్పుకోరు. అవతలివాళ్లకి అర్థం కాదేమోనని టెన్షన్. అర్థం కావాల్సినవాళ్లకి అవుతుందిలే అంటాను.