తుపాకీ మ్యాగజైన్ పరిమితి బిల్లుపై అభ్యంతరం తెలిపే విధానం

హనుమకొండ, కాజీపేటల నుంచి వెళ్లి అమెరికా పౌరులైన మనవాళ్లు, తుపాకీ మ్యాగజైన్‌లో (తూటాలు నింపి తుపాకీకి అమర్చే పెట్టెలో) పట్టే తూటాల సంఖ్యకు తమ రాష్ట్రం పరిమితి విధించబోతున్నప్పుడు, మొదట బిల్లు పాఠాన్ని పూర్తిగా చదవాలి. కొలరాడో రాష్ట్రంలో 2013 నుంచి పరిమితి 15 తూటాలు. న్యూజెర్సీ 2018లో దానిని 15 నుంచి 10కి తగ్గించింది. ఇదివరకే కొన్న పెద్ద మ్యాగజైన్లను ఉంచుకోనిస్తారా లేదా అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం.

మీ నియోజకవర్గ శాసనసభ్యునికి ఒక పేజీ లేఖ రాసి, తొలి వాక్యంలోనే బిల్లు సంఖ్య పేర్కొనండి. గ్లాక్ 17 పిస్తోలుతో వచ్చే సాధారణ మ్యాగజైన్‌లోనే 17 తూటాలు పడతాయనీ, 1994 నాటి ఫెడరల్ (దేశవ్యాప్త) పరిమితి 2004లో గడువు ముగిసి తొలగిపోయిందనీ గుర్తుచేయండి.

దాడిచేసేవాడు మ్యాగజైన్ మార్చే క్షణాల్లో జనం ప్రాణాలు దక్కుతాయన్న ఎదుటివారి వాదనను దాటవేయకూడదు. దాడికి సిద్ధపడి వచ్చేవాడు అదనపు మ్యాగజైన్లు వెంట తెచ్చుకోగలడు; అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచిన ఇల్లాలి చేతిలో ఉండేది ఒక్కటే అని జవాబివ్వండి.

వరంగల్‌లో తుపాకీ లైసెన్సు ప్రభుత్వమిచ్చే అనుమతి. అమెరికాలో ఆయుధం రాజ్యాంగ హక్కు కనుక, లేఖలో ప్రాధేయపడే ధోరణి వద్దు. బిల్లును పరిశీలించే కమిటీ విచారణలో మాట్లాడేందుకు ముందుగానే పేరు నమోదు చేసుకోండి.