లినక్స్ ఇన్‌స్టాల్ చేసేముందు సంతకం సరిచూడండి

ఫెడోరా అనే లినక్స్ వాడుతున్నారా? అయితే అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ తయారుచేసిన ఎస్‌ఈలినక్స్ (ఏ ప్రోగ్రామ్ దేన్ని ముట్టుకోవచ్చో కట్టడి చేసే భద్రతా వ్యవస్థ) మీ మెషీన్‌లో నడుస్తోంది. 2000 డిసెంబరులో దాన్ని సోర్సుతో సహా విడుదల చేశారు. ఎన్‌ఎస్‌ఏ పేరు చూసి దాన్ని ఆపేయనక్కర్లేదు. అది ఏం చేస్తుందో కోడ్‌లో కనపడుతుంది, ఎవరైనా చదవొచ్చు. అదే సంస్థ నుంచి వచ్చిన డ్యూయల్ ఈసీ సంగతి వేరు. ఈ ర్యాండమ్ నంబర్ల పద్ధతి 2006లో అమెరికా ప్రమాణాల్లో చేరింది. అందులోని స్థిరాంకాలు ఎలా వచ్చాయో ఎవరూ చెప్పలేదు. వాటి వెనక రహస్య తాళం ఉండే వీలుందని 2007లో ఇద్దరు నిపుణులు చూపించారు. 2014లో దాన్ని తీసేశారు. కాబట్టి రాసినవాళ్ల పేరు పక్కన పెట్టి, సరిచూసే దారి ఉందా లేదా అన్నది చూడండి.

మామూలు వాడుకరికి ప్రమాదం ఎక్కువగా ఉండేది డౌన్‌లోడ్‌కీ పెన్‌డ్రైవ్‌కీ మధ్య. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైటులోకి చొరబడి డౌన్‌లోడ్ లింకులు మార్చేశారు. ఆ రోజు వాటి నుంచి ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు) దించుకున్నవాళ్లకు దొడ్డిదారి ఉన్న సిస్టమ్ చేతికొచ్చింది. సైటునే మార్చగలిగినవాడు అదే పేజీలోని హ్యాష్‌నూ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టిన గుర్తు) మార్చగలడు. అందుకే హ్యాష్ ఒక్కటీ చాలదు, తయారుచేసినవాళ్లు తమ రహస్య తాళంతో వేసే డిజిటల్ సంతకం కావాలి.

డెబియన్ అనే లినక్స్‌కైతే ఇలా చేయండి. ఐఎస్‌ఓతో పాటు అదే ఫోల్డర్‌లో ఉన్న షా512సమ్స్ అనే హ్యాష్‌ల ఫైలునూ, చివర ‘సైన్’ అని ఉన్న సంతకం ఫైలునూ దించండి. ముందు సంతకం చూడాలి, తర్వాతే హ్యాష్. ఈ వరస తప్పితే చేసిన పనికి అర్థం లేదు. సంతకాలు సరిచూసే జీపీజీ ప్రోగ్రామ్‌కి ‘వెరిఫై’ ఆప్షన్‌తో మొదట సంతకం ఫైలు, తర్వాత హ్యాష్‌ల ఫైలు ఇవ్వండి. సంతకం సరిచూసే తాళం (పబ్లిక్ కీ) లేదని చెబితే అది చూపించిన తాళాన్ని డెబియన్ కీసర్వర్ నుంచి తెచ్చుకుని మళ్లీ నడపండి.

ఇప్పుడు ‘గుడ్ సిగ్నేచర్’ అని వస్తుంది. దాని కిందే, ఈ తాళాన్ని ఎవరూ ధ్రువీకరించలేదన్న హెచ్చరిక కూడా వస్తుంది. చాలామంది అది చూసి కంగారుపడి ఆగిపోతారు, లేదా అసలు చదవకుండా ముందుకెళ్తారు. ఆ హెచ్చరిక తప్పు కాదు: సంతకం సరిగ్గానే ఉంది, తాళం ఎవరిదో తేల్చుకోవాల్సింది మీరే అంటోంది. తాళం గుర్తుగా జీపీజీ చూపించే 40 అక్షరాల వేలిముద్రను (ఫింగర్‌ప్రింట్) డెబియన్ సైటులోని వెరిఫై పేజీతో మొత్తం పోల్చండి. ఆ పేజీని ఇంకో నెట్‌వర్క్‌లో, ఫోన్ డేటాతో తెరిస్తే మంచిది. చివరి 8 అక్షరాలు చూసి వదిలేయొద్దు, అవి కలిసేలా దొంగ తాళాన్ని తేలిగ్గా పుట్టించవచ్చు.

తర్వాత హ్యాష్ లెక్కగట్టే షా512సమ్ కమాండ్‌ను ‘చెక్’, ‘ఇగ్నోర్-మిస్సింగ్’ ఆప్షన్లతో నడపండి. రెండోది ఇవ్వకపోతే మీరు దించని ఐఎస్‌ఓలన్నిటికీ ‘ఫైలు లేదు’ అంటూ వరసగా లోపాలు వస్తాయి. విండోస్‌లో అయితే సర్ట్‌యుటిల్ కమాండ్ హ్యాష్ చూపిస్తుంది.

పెన్‌డ్రైవ్‌కి రాశాక కూడా ఒకసారి చూడండి. రాయడానికి ముందు, డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేతో డివైస్ పేరు ఖాయం చేసుకోండి, పొరపాటు పడితే హార్డ్‌డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది. రాయడం అయ్యాక పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టండి, లేకపోతే మెమరీలో మిగిలిన కాపీనే చదివే అవకాశం ఉంది. తర్వాత ‘హెడ్’ కమాండ్‌కు ఐఎస్‌ఓ సైజు బైట్లలో ఇచ్చి అంతవరకే చదివించి, షా512సమ్‌కు పంపండి. మొత్తం డ్రైవ్ చదివిస్తే మిగతా ఖాళీ కూడా కలిసి హ్యాష్ తేడా వస్తుంది. విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాస్తే, ఐఎస్‌ఓను ఉన్నదున్నట్టు రాసే డీడీ మోడ్ ఎంచుకోండి. ఐఎస్‌ఓ మోడ్ ఫైళ్లను విడిగా కాపీ చేస్తుంది కాబట్టి ఈ పోలిక కుదరదు. హాస్టల్లో చేతులు మారి వచ్చిన పెన్‌డ్రైవ్‌ని మాత్రం తుడిచి మళ్లీ రాసుకోవాల్సిందే.

సంతకం సరిపోయినా పట్టుబడనిది ఒకటుంది. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రామ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి బయటపడింది. ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా పనిచేసి, నమ్మకం సంపాదించి పెట్టింది అది. ఏదో దేశపు నిఘా సంస్థ హస్తం ఉందన్న అనుమానం బలంగా వినిపించినా రుజువు కాలేదు. దాన్ని రాజేసే ముక్క అందరూ చూసే గిట్ సోర్సులో లేదు, విడుదల చేసిన టార్‌బాల్ (సోర్సు ప్యాకేజీ)లో మాత్రమే ఉంది. దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు కంటపడి ఇది దొరికింది. డెబియన్ స్టేబుల్ (స్థిరమైన విడుదల) వాడేవాళ్లకి అది చేరలేదు. టెస్టింగ్ (ఇంకా పరీక్షలో ఉన్న విడుదల) వాడిన మెషీన్ అయితే, ఇన్‌స్టాలైన ప్యాకేజీలు చూపే డీపీకేజీ జాబితాలో ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ5 వెర్షన్ చూడండి. ‘5.6.1+రియల్లీ5.4.5’ అని ఉంటే భయం లేదు, వెనక్కి తీసుకెళ్లిన పాత కోడ్ అది.

ఫెడోరాలో ఎస్‌ఈలినక్స్ స్థితి చూపే ‘సెస్టేటస్’ నడిపి ‘ఎన్‌ఫోర్సింగ్’ అని వస్తోందో లేదో చూడండి. మీ వెబ్ సర్వర్‌లోని పేజీ తెరుచుకోలేదని ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 0’ కొట్టి దాని కట్టడి ఆపేయడం చెడ్డ అలవాటు. ఎక్కువసార్లు కారణం చిన్నది: హోమ్ ఫోల్డర్ నుంచి ‘ఎంవీ’తో తరలించిన ఫైలు ఎస్‌ఈలినక్స్ పెట్టిన పాత లేబుల్‌తోనే వస్తుంది. ‘రిస్టోర్‌కాన్’తో లేబుల్ సరిచేస్తే చాలు.

ఇన్‌స్టాల్ అయ్యాక ఫైళ్లు మారాయేమో చూడడానికి డెబియన్‌లో డెబ్‌సమ్స్ ఉంది. కానీ దాని హ్యాష్‌ల జాబితా కూడా అదే డిస్క్‌లో ఉంటుంది, రూట్ (పూర్తి అధికారం) దొరికినవాడు రెండూ మార్చగలడు. అనుమానం గట్టిగా ఉంటే, వేరే కంప్యూటర్‌లో పై పద్ధతిలో సరిచూసి రాసిన లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మీ డేటా మాత్రం బయటికి తీసుకుని, డిస్క్ తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.