కొత్త నగరంలో పాటని వెతుక్కోవడం ఎలా

ఉద్యోగం పని మీద నేను తెలియని నగరాలకు వెళ్తుంటాను. పగలు పనికి, సాయంత్రాలు నాకు. నాకు ఏ వాద్యమూ రాదు, వినడమే వచ్చు. నాలుగడుగుల దూరంలో ఒకరు కూచుని పాడుతుంటే, వాళ్ళు ఊపిరి తీసుకున్న చప్పుడూ, తీగ మీద వేలు జారిన రాపిడీ కూడా వినపడుతుంటే, అక్కడ నాకెవరూ తెలియరన్న దిగులు పోతుంది. అలాంటి చోట్లు ఎలా దొరుకుతాయో, దొరికాక ఎలా మసులుకోవాలో చెబుతాను.

వేదికల పేర్లతో వెతకడం మొదలుపెట్టకండి. ఫోన్‌ని అడిగితే ఎవరికైనా అవే నాలుగైదు పేర్లు చూపిస్తుంది. వాటిలో చాలావరకు ఒక్క రాత్రికి వచ్చిపోయేవాళ్ళ కోసం నడిచేవి. వాయించేవాళ్ళ పేర్లతో మొదలుపెట్టండి. ముఖ్యంగా డ్రమ్స్, బేస్ వాయించేవాళ్ళ పేర్లు. పాడేవాళ్ళకు సాధారణంగా తమ బృందం ఒకటే ఉంటుంది, వీళ్ళను మాత్రం అందరూ పిలుస్తారు. గోడల మీద పోస్టర్లలో అడుగున చిన్న అక్షరాలు చదవండి. ఒకే పేరు మూడు పోస్టర్లలో కనిపిస్తే ఆ మనిషి ఎక్కడ వాయిస్తుంటే అక్కడికి వెళ్ళండి. ఆ పోస్టర్లు ఎక్కువగా ఉండేది పాత రికార్డులు అమ్మే దుకాణాల్లో, గిటార్లు బాగుచేసే చోట్ల, సంగీత కళాశాలల నోటీసు బోర్డుల మీద. కళాశాలల్లో విద్యార్థుల కచేరీలు చాలాచోట్ల ఉచితం, ఎవరైనా వెళ్ళి కూచోవచ్చు. పెద్ద హాల్లో టికెట్ దొరకని సాయంత్రం నేను అక్కడికే పోతాను.

రేడియోని మరిచిపోవద్దు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 90.7 ఎఫ్ఎం మీద వచ్చే డబ్ల్యూడబ్ల్యూఓజెడ్ అనే స్టేషన్, ఆ రోజు ఊళ్ళో ఎవరెక్కడ వాయిస్తున్నారో రోజూ కొన్ని గంటలకోసారి చదివి వినిపిస్తుంది. ప్రయాణానికి ముందే దాన్ని ఇంటర్నెట్‌లో వినొచ్చు. అలా కొన్నాళ్ళు వింటే పర్యాటకులతో నిండే బోర్బన్ స్ట్రీట్‌లో ఏముందో, ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాత పేట దాటగానే వచ్చే ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌లో ఏముందో అక్కడికి చేరకముందే తెలిసిపోతుంది. అలాగని పేరున్నవన్నీ వదిలేయమనడం లేదు. అదే ఊళ్ళో 1961 నుంచి నడుస్తున్న ప్రిజర్వేషన్ హాల్ అనే జాజ్ వేదికకి అందరూ వెళ్తారు, మీరూ వెళ్ళండి. ఆ చిన్న గదిలో ఊదే ట్రంపెట్ మీ ఒంట్లోకి వచ్చి తగులుతుంది.

గుళ్ళూ చర్చిలూ కూడా చూసుకోండి. ఇంగ్లండ్‌లో పెద్ద కెథడ్రల్స్‌లో చాలా రోజులు సాయంకాలప్పూట బృందగానంతో ప్రార్థన జరుగుతుంది. టికెట్ ఉండదు, మతం అడగరు. వారణాసిలో సంకటమోచన హనుమంతుడి గుళ్ళో ఏటా జరిగే సంగీతోత్సవంలో పెద్ద పెద్ద విద్వాంసులు తెల్లవారేదాకా పాడతారు, వచ్చినవాళ్ళు నేల మీద కూచుని వింటారు.

ఎన్ని గంటలకు మొదలవుతుందన్నది ఊరిని బట్టి మారుతుంది. టోక్యోలో లైవ్ హౌస్‌లనే చిన్న వేదికల్లో సాయంత్రం ఆరూ ఏడుకే మొదలుపెట్టేస్తారు. అర్ధరాత్రి దాటాక రైళ్ళుండవు, అందరూ ఇల్లు చేరాలి. సెనెగల్ రాజధాని డాకర్‌లో క్లబ్బుకి పదింటికి వెళ్తే కుర్చీలు సర్దుతుంటారు, అసలు పాట అర్ధరాత్రి దాటాకే. అందుకే తలుపులు ఎప్పుడు తీస్తారని కాదు, మీరు వినాలనుకున్నవాళ్ళు ఎన్నింటికి ఎక్కుతారని అడగండి.

టోక్యో లైవ్ హౌస్‌లో ఇంకో సంగతి. గుమ్మంలోనే "ఈ రోజు ఎవరి కోసం వచ్చారు?" అని అడుగుతారు. కబుర్లకి అడిగే ప్రశ్న కాదది. చాలా వేదికలు ఒక్కో బృందానికి ఇన్ని టికెట్లు అమ్మాలని లెక్క పెడతాయి, తగ్గితే ఆ సొమ్ము బృందమే కట్టుకోవాలి. మీరు చెప్పిన పేరు ఆ బృందం ఖాతాలో పడుతుంది. ఇలాంటి వేదికలు ఎక్కువగా ఉండే షిమోకిటజావా పేటకి వెళ్ళేముందు నలుగురైదుగురి పాటలు విని, ఒక పేరు మనసులో పెట్టుకుని వెళ్ళండి. టికెట్‌తో పాటు ఒక డ్రింకుకి విడిగా తీసుకుంటారు, చిల్లర దగ్గరుంచుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎలా వినాలన్నది. ఒక చోట మర్యాద ఇంకో చోట తప్పవుతుంది. లిస్బన్‌లో అల్ఫామా, మొరారియా పేటల్లో ఫాదో అనే పోర్చుగీసు పాటలు పాడేటప్పుడు దీపాలు తగ్గిస్తారు, వడ్డన ఆపేస్తారు, ఎవరూ మాట్లాడరు. చెంచా చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. పన్నెండు తీగల పోర్చుగీసు గిటార్ పక్కన ఆ గొంతు ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఫోన్ తీసి రికార్డు చేయాలన్న ఆలోచనే రాకూడదు. పర్యాటకుల కోసం నడిపే ఫాదో ఇళ్ళతో పాటు, పేటలోని మామూలు మనుషులు వంతులవారీగా లేచి పాడే చోట్లూ ఉంటాయి. దాన్ని ఫాదో వాడియో అంటారు. గొంతు అటూ ఇటూ అయినా నాకు అదే ఎక్కువ ఇష్టం. పాడేవాళ్ళనీ పాటనీ పక్కింటివాళ్ళు కూడా ఎరుగుదురు, అందుకే పల్లవి దగ్గర అందరూ అందుకుంటారు.

ఐర్లండ్ పబ్బులో సెషన్, అంటే నలుగురూ కూడి వాయించుకోవడం, దీనికి పూర్తిగా వేరు. డబ్లిన్‌లో స్మిత్‌ఫీల్డ్ దగ్గరి కాబుల్‌స్టోన్ లాంటి చోట వాయించేవాళ్ళు వేదికెక్కరు, ఒక మూల బల్ల చుట్టూ ఒకరికొకరు ఎదురుగా కూచుంటారు. వాళ్ళు మనకోసం వాయించడం లేదు, ఒకరి కోసం ఒకరు వాయించుకుంటున్నారు. చుట్టూ జనం మాట్లాడుకుంటున్నా పట్టించుకోరు. ఖాళీగా ఉంది కదా అని వాళ్ళ కుర్చీల్లో కూచోకండి, తర్వాత వచ్చే ఫిడేలు మనిషి కోసం ఉంచినదై ఉండొచ్చు. ఫలానాది వాయించమని అడగకండి. లయ తెలిసినా బల్ల మీద దరువు వేయకండి. కానీ ఎవరైనా ఒక్కరే కళ్ళు మూసుకుని వాద్యం లేకుండా పాట ఎత్తుకుంటే, అప్పటిదాకా గోలగా ఉన్న గదంతా ఊరుకుంటుంది. మీరూ ఊరుకోండి.

ఎక్కడికెళ్ళినా ఒకటి మాత్రం పాటించండి: కూచున్న మొదటి అయిదు నిమిషాలూ పాట మీద కన్నా జనం మీద చూపు పెట్టండి. వాళ్ళు చప్పట్లు ఎప్పుడు కొడుతున్నారో, ఫోన్లు తీస్తున్నారో లేదో తెలిసిపోతుంది.

జాజ్ ఉన్న ఊళ్ళో జామ్ సెషన్ పట్టుకోండి. ముందు ఆ చోటి బృందం వాయిస్తుంది, తర్వాత పేరు రాయించుకున్నవాళ్ళను ఒక్కొక్కరినీ పిలుస్తారు. చాలామంది మొదటి భాగం విని వెళ్ళిపోతారు. మీరు ఉండండి. ఊళ్ళో మిగతా చోట్ల కచేరీలు ముగించుకున్నవాళ్ళు వాద్యం భుజాన వేసుకుని ఆలస్యంగా వస్తారు, డబ్బు లెక్క లేకుండా తమకు నచ్చింది వాయిస్తారు.

విరామంలో వాళ్ళతో మాట్లాడండి. మొహమాటం వద్దు, ముందు ఏం నచ్చిందో చెప్పండి. "చాలా బాగుంది" కాదు, "రెండోదాంట్లో మీరు ఆగి మళ్ళీ అందుకున్న చోట బాగుంది" అనండి. తర్వాత నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న అడగండి: "మీకు కచేరీ లేని రోజున ఎవరిని వినడానికి వెళ్తారు?" వాళ్ళు చెప్పే పేరు ఏ జాబితాలోనూ ఉండదు. నేను ప్రాణంగా దాచుకున్న సాయంత్రాలన్నీ ఆ ప్రశ్నకి వచ్చిన జవాబులే.

డబ్బు విషయం చెప్పుకోవాలి. అమెరికాలోని నాష్‌విల్‌లో బ్రాడ్‌వే అనే వీధి మీది బార్లలో చాలావాటికి ప్రవేశ రుసుము ఉండదు. అక్కడ వాయించేవాళ్ళకు బకెట్లో పడే టిప్పులే ముఖ్యమైన సంపాదన. ఉచితంగా విన్న రాత్రి టికెట్ కొన్నంత వేయండి. రికార్డులు అమ్ముతుంటే వాళ్ళ చేతి నుంచే కొనండి.

చెవులు కాపాడుకోండి. వేదికల్లో పదిహేను నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, చిన్న గదుల్లో రాక్ దాన్ని సులువుగా దాటేస్తుంది. ఇయర్ ప్లగ్స్ జేబులో ఉంచుకోండి. నేను సౌండ్ మిక్సర్ బల్ల పక్కన నిలబడతాను. అక్కడ వినిపించేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తారు కాబట్టి శబ్దం బాగుంటుంది, ఒంటరిగా వెళ్ళిన ఆడమనిషికి పక్కన పనిలో ఉన్న మనిషి ఒకరు ఉన్నట్టూ ఉంటుంది. ఆఖరి రైలు ఎప్పుడో వెళ్ళేముందే చూసుకోండి.

ఊళ్ళో రెండు వారాలుంటే, నచ్చిన చోటికి తర్వాతి వారం మళ్ళీ అదే రోజున వెళ్ళండి. చిన్న చోట్లలో ఒక్కో బృందానికి వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు, మంగళవారం విన్నవాళ్ళు గురువారం ఉండరు. రెండోసారి కాస్త ముందుగా వెళ్ళి, వాళ్ళు వాద్యాలు సర్దుకునే వేళకి అక్కడ ఉండండి. పోయిన వారం వాళ్ళు చెప్పిన పేరుగలాయన్ని విన్నానని చెప్పి, ఇంకో పేరు అడగండి.