క్రాంక్‌షాఫ్ట్ బ్యాలెన్సింగ్: డ్రిల్ పట్టే ముందు

పిస్టన్ల పైకీ కిందికీ ఆటను తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. అది అదరకుండా తిరిగేలా బరువు సరిచేసే ఈ పనిలో కష్టమంతా తూచడం, కొలవడంలోనే ఉంది. ఇంట్లో చేసేవాళ్లకు మాత్రం చేయి లోహం తొలిచి బరువు తగ్గించే డ్రిల్ వైపే పోతుంది. 50 మి.మీ. వ్యాసార్థంలో ఒక్క గ్రాము తేడా ఉన్నా, నిమిషానికి 6000 చుట్ల దగ్గర అది సుమారు రెండు కిలోల బలంతో లాగుతుంది. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలు.

మొదట షాఫ్ట్‌ను వీ బ్లాకుల (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మల) మీద పెట్టి డయల్ గేజ్‌తో వంకర చూడండి. వంగినదాన్ని బ్యాలెన్స్ చేయడం వృథా శ్రమ. ఆయిల్ దారుల్లో పేరుకున్న మడ్డి కూడా తూకాన్ని తప్పుదోవ పట్టిస్తుంది, ముందే కడిగేయండి.

పిస్టన్లు, పిన్నులు, పిస్టన్‌ను షాఫ్ట్‌కు కలిపే రాడ్లు, ఏ రకానికా రకం ఒకదానితో ఒకటి సరితూగాలి. రాడ్ రెండు చివరలూ విడివిడిగా తూచాలి: పెద్ద చివర షాఫ్ట్‌తో తిరిగే బరువు, చిన్న చివర పిస్టన్‌తో పైకీ కిందికీ ఆడే బరువు. తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి.

సింగిల్ సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే బరువును కౌంటర్‌వెయిట్‌తో (షాఫ్ట్‌కే ఉన్న ఎదురు బరువుతో) పూర్తిగా సరిచేయలేం. సరిచేయబోతే ఊపు అడ్డంగా తిరుగుతుంది. అందుకే అందులో కొంత శాతమే లెక్కలోకి తీసుకుంటారు. అది ఇంజన్‌ను బట్టి మారుతుంది, ఊహించి పెట్టొద్దు. 90 డిగ్రీల వీ8కి (వీ ఆకారంలో రెండు వరసల ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌కి) రాడ్ల చోట బాబ్‌వెయిట్లు, అంటే రాడ్, పిస్టన్ల బరువుకు బదులుగా షాఫ్ట్‌కు బిగించే దిమ్మలు, తప్పనిసరి. మామూలు ఇన్‌లైన్ నాలుగు సిలిండర్లకు అక్కర్లేదు.

కత్తి అంచుల మీద దొర్లించి చూస్తే బరువైన వైపు కిందికి వస్తుంది. కానీ ఒక కొన పైకి, మరో కొన కిందికి లాగే తేడా ఆ పద్ధతిలో కనిపించదు. పొడవాటి షాఫ్టులను మెషిన్ ఉన్న షాపుకే పంపమంటాను.

తిప్పి చూసే ఏర్పాటు మీ దగ్గరే ఉంటే తక్కువ వేగం చాలు. ఇంజన్ వేగానికి తీసుకెళ్లడం ప్రాణాలతో చెలగాటం. బాబ్‌వెయిట్ బోల్టులు మళ్లీ బిగించి, గట్టి కవచం పెట్టి, తిరిగే తలానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. చేతి తొడుగులు, వదులు చొక్కా చేతులు వద్దు.

ఇక డ్రిల్. కళ్లద్దాలు పెట్టుకుని, జర్నళ్లను (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలను) చుట్టి, ఆయిల్ రంధ్రాలు మూసి మొదలుపెట్టండి. రంధ్రం కౌంటర్‌వెయిట్‌లోనే పడాలి. జర్నల్ అంచున గుండ్రంగా మలిచిన మూలకు గీత కూడా తగలకూడదు, పగుళ్లు అక్కడే పుడతాయి. లెక్క చెప్పినదాంట్లో సగమే తీసి మళ్లీ చూడండి. ఎక్కువ పోతే బరువైన లోహపు దిమ్మ బిగించాలి, అదీ షాఫ్ట్‌కు సమాంతరంగా వేసిన రంధ్రంలో. బయటికి తెరుచుకున్న రంధ్రంలో పెడితే తిరిగే వేగానికి ఊడిపోతుంది. ఆ పని అనుభవం ఉన్నవాళ్లకు వదిలేయడమే మేలు.

చివరగా ప్రతి ఆయిల్ దారినీ బ్రష్‌తో తోమి, ద్రావకంతో కడిగి, గాలి కొట్టండి. ఒక్క ఇనుప రజను మిగిలినా కొత్త బేరింగును గీసేస్తుంది.